అమ్మాయి ఆర్ట్ హిస్టరీ చదువుతానంటోందా?

పోయిన నెలలో ఒక రాత్రి పదింటికి ఫోన్ మోగింది. నాకు చెల్లెలి వరసయ్యే మనిషి, ఫ్రీమాంట్‌లో ఉంటుంది. ఆ వేళప్పుడు ఫోనంటే ఇండియాలో ఎవరికేమైందోనని గుండె గుభేలుమంది. "అక్కా, మా పెద్దది ఆర్ట్ హిస్టరీ చదువుతుందట," అంది. హమ్మయ్య అనుకునేలోపే రెండో మాట వచ్చింది. "అదీ కమ్యూనిటీ కాలేజీలోనట!"

ఆ 'అదీ' దగ్గర ఆవిడ గొంతు జీరబోయింది. మొదటి దెబ్బకు తట్టుకుందిగానీ రెండోదానికి కూలబడిందన్నమాట. గంటసేపు మాట్లాడుకున్నాం. మా అబ్బాయి ఈ దారినే వెళ్లాడు కనుక నన్ను అడిగింది. ఆవిడకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే బే ఏరియాలో, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఇలాంటి ఫోను ఇంకో ఇంట్లోనూ మోగుతూనే ఉంటుంది.

ముందు ఆ రెండు మాటలనూ విడదీయమన్నాను. ఆర్ట్ హిస్టరీ అనగానే మనకు కలిగేది భయం. కమ్యూనిటీ కాలేజీ అనగానే కలిగేది సిగ్గు. రెండూ ఒకే మూట కట్టి నెత్తిన పెట్టుకుంటే పిల్ల మొహం కూడా కనిపించదు.

సిగ్గు సంగతి తొందరగా తేల్చేద్దాం. ఈ కాలేజీలను ఒకప్పుడు ఇక్కడ జూనియర్ కాలేజీలనేవారు. ఆ పాత పేరు ఎక్కడో విని మా అత్తగారు "అదేంటే, వాడు మళ్లీ ఇంటర్ చదువుతున్నాడా?" అని అడిగారు. ఊళ్లో జూనియర్ కాలేజీ అంటే ఇంటరే కదా మరి. ఆవిడకు చెప్పడం తేలికే, మనకు మనం చెప్పుకోవడమే కష్టం. పాట్‌లక్‌లో పక్కావిడ "మావాడికి బర్క్‌లీ వచ్చింది" అంటుంటే పులిహోర ముద్ద గొంతులోనే ఆగిపోతుంది. నాకూ ఆగింది, అబద్ధం ఎందుకు!

కాలిఫోర్నియాలో ఇవి 116 ఉన్నాయి. 1960లో ఈ రాష్ట్రం ఉన్నత విద్యకు మాస్టర్ ప్లాన్ అని ఒకటి రాసుకున్నప్పుడే, మొదటి రెండేళ్లు ఇక్కడ చదివి యూనివర్సిటీకి మారే దారిని అందులో వేసి పెట్టారు. సీటు రానివాళ్ల కోసం పెట్టిన పక్కదారి కాదది. ఇద్దరు ఫ్రెష్‌మన్‌లకు ఒక ట్రాన్స్‌ఫర్ విద్యార్థి చొప్పున తీసుకోవాలన్నది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పెట్టుకున్న లెక్క. చివర్లో ఇచ్చే డిగ్రీ పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది. మొదటి రెండేళ్లు ఎక్కడ చదివారో ఆ కాగితం మీద రాయరు.

ఇక డబ్బు. రాష్ట్ర వాసులకు యూనిట్ 46 డాలర్లు. మారడానికి కావలసిన 60 యూనిట్లకు లెక్క వేస్తే 2,760. డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి క్వార్టర్ పద్ధతి కాలేజీల్లో యూనిట్ 31 డాలర్లు, అక్కడ 90 యూనిట్లు కావాలి కనుక 2,790. పుస్తకాలు, పార్కింగ్, హెల్త్ ఫీజు పైన. మొదటిసారి చేరి ఫుల్‌టైమ్ చదివేవాళ్లకు ఆ యూనిట్ ఫీజు కూడా రెండేళ్లు మాఫీ చేసే కాలేజీలు చాలా ఉన్నాయి. అదే యూసీలో ఏడాది ట్యూషనే 15 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, ఉండడం, తినడం కలిపితే 40 వేలు దాటుతుంది. మా ఇంట్లో నేను ఈ అంకెలు కాగితం మీద రాసి మావారి ముందు పెట్టాను. ఆయన అక్షరాలకంటే అంకెలను ఎక్కువ నమ్ముతారు. చాలాసేపు చూసి, "అంటే వాడి సరదా తీరడానికి మనకయ్యేది ఒక పాత కారు ఖరీదు కూడా కాదన్నమాట," అన్నారు. ఆ 'సరదా' అన్న మాట మావాడు విన్నాడు. దాని సంగతి తరవాత చెప్తాను.

సిగ్గు పక్కన పెడితే భయం మిగిలింది. అది ఉండవలసిందే. దానికి మందు ముందుగా ఆ చదువేమిటో తెలుసుకోవడం. మనలో చాలామంది ఆర్ట్ హిస్టరీ అంటే బొమ్మలు వేయడమనుకుంటారు. నేనూ అనుకున్నాను, తిన్నగా గీత గీయడం రానివాడికి ఇదెక్కడి చదువురా అని. బొమ్మలు వేయించే క్లాసు ఒకటి ఉంటుందిగానీ, ఈ చదువంతా చూడడం, చదవడం, రాయడం. కమ్యూనిటీ కాలేజీలో మొదట వచ్చేవి సర్వే కోర్సులు. ఆదిమానవుడి గుహల నుంచి మధ్యయుగాల దాకా ఒకటి, రినైజాన్స్ నుంచి మొన్నమొన్నటి దాకా ఒకటి, ఆసియా కళ ఒకటి, ఆఫ్రికా, పసిఫిక్ దీవులు, అమెరికా ఆదివాసుల కళ ఒకటి. వారం వారం రాతపని. మన పిల్లలు హైస్కూల్లో లెక్కలకు పడ్డ కష్టం ఇక్కడ వాక్యానికి పడాలి.

ఒక హోంవర్క్ గురించి చెప్తాను. మొదటి సెమిస్టర్‌లోనే ఇచ్చారు. ఒక్క శిల్పం ఎంచుకుని, దాని ముందు గంటసేపు నిలబడి, ఫోనూ పుస్తకమూ తెరవకుండా కంటికి కనపడిందంతా రాసుకురావాలి. నన్ను తోడు రమ్మన్నాడు, నిజానికి కారు కోసం. తీసుకెళ్లమన్నది స్టాన్‌ఫర్డ్‌కి.

ఇండియా నుంచి ఎవరొచ్చినా మనం స్టాన్‌ఫర్డ్ చూపిస్తాం కదా. పిల్లవాడి భుజం తట్టి "నువ్విక్కడ చదవాలి" అని ఒక ముక్క అనేసి, ఫొటోలు దిగి, దోసె తిని ఇంటికొస్తాం. మా మామగారు వచ్చినప్పుడూ అంతే. మెయిన్ క్వాడ్‌లోకి వెళ్లే ముందు మెమోరియల్ కోర్ట్ అని ఒక ఆవరణ ఉంటుంది. అక్కడ నేలమీదే మనిషెత్తు కంచు విగ్రహాలు నిలబడి ఉంటాయి. వాళ్లలో పెద్ద తాళంచెవి పట్టుకున్నాయన పక్కన నిలబడి, ఆయన భుజం మీద చెయ్యేసి మామగారు నవ్వుతూ దిగిన ఫొటో మా హాల్లో ఏళ్ల తరబడి ఉంది. ఎవరో ఈ కాలేజీ కట్టించిన దాతలు కాబోలనుకున్నాం.

మావాడు నన్ను ఆయన ముందుకే తీసుకెళ్లాడు. చాలాసేపు మాట్లాడలేదు. చుట్టూ తిరిగాడు, వంగి పాదాలు చూశాడు, ఏదో రాసుకున్నాడు. తరవాత, "అమ్మా, ఈయన పాదాలు చూడు, ఒంటికి మించి ఉన్నాయి. చేతులు కూడా. ఎందుకు?" అన్నాడు. నాకు తెలియదన్నాను. "అడుగు వేయాలని లేదు, వేయక తప్పదు. ఆ బరువంతా పాదాల్లోకి దించాడు," అన్నాడు. ఆ తరవాత కథ చెప్పాడు. 1347లో ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్ కాలే అనే ఫ్రెంచ్ పట్టణాన్ని నెలల తరబడి ముట్టడించాడు. లోపల తిండి అయిపోయింది. ఆరుగురు పెద్దమనుషులు ఊరి తాళంచెవులు పట్టుకుని, మెడకు ఉరితాళ్లు వేసుకుని, చెప్పుల్లేకుండా బయటికొస్తే మిగతావాళ్లను వదిలేస్తానన్నాడు. ఆ ఆరుగురే వీళ్లు. మలిచినవాడు ఫ్రెంచ్ శిల్పి ఆగస్ట్ రోడిన్. ఆఖరికి రాణి బతిమాలితే వాళ్లను ప్రాణాలతో వదిలేశారట. అయితే రోడిన్ పట్టుకున్నది వదిలేసిన క్షణాన్ని కాదు, బయల్దేరిన క్షణాన్ని.

అంటే మా మామగారు ఉరికి వెళ్తున్న మనిషి భుజం మీద చెయ్యేసి నవ్వారు. ఇంటికొచ్చి ఆ ఫొటో తియ్యబోతే మావాడే వద్దన్నాడు. "తాతయ్య ఆయనకు ధైర్యం చెప్తున్నట్టుంది, ఉండనీ," అన్నాడు. ఈ చదువు వల్ల ఏమొస్తుందని నన్నెవరైనా అడిగితే జీతం మాట తరవాత చెప్తానుగానీ, ముందు ఆ ఫొటో చూపిస్తాను.

మావారిని మరోసారి అక్కడికే, కాంటర్ మ్యూజియం పక్కనున్న రోడిన్ తోటకు లాక్కెళ్లాం. అక్కడ 'గేట్స్ ఆఫ్ హెల్' అని పెద్ద కంచు తలుపులున్నాయి, వాటి నిండా మెలికలు తిరిగిన మనుషులు. తలుపుల పైభాగంలో చిన్నగా కూర్చున్నవాడే ప్రపంచమంతా తెలిసిన 'థింకర్'. 1880లో పారిస్‌లో కట్టబోయే ఒక మ్యూజియం కోసం అడిగారట, ఆ మ్యూజియం కట్టనేలేదు. రోడిన్ మాత్రం 1917లో చనిపోయేదాకా మారుస్తూనే ఉన్నాడు, కంచులో పోత పోసింది ఆయన పోయాకే. ఇదంతా విని మావారు, "ముప్పై ఏడేళ్లు డెలివరీ ఇవ్వలేదా? స్కోప్ క్రీప్!" అన్నారు. తండ్రీకొడుకులు ఆ చదువు గురించి కలిసి నవ్వుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇప్పుడు కాగితాల సంగతి. తల్లిదండ్రులు శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే, కానీ మనం అస్సలు పెట్టం. పిల్ల ఏం చదవాలన్నదాని మీద ఆరు నెలలు పోట్లాడతాం, ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందన్నది ఆరు నిమిషాలు కూడా చూడం. మావాడు మొదటి ఏడాది ఆర్ట్ అప్రిసియేషన్ అనే కోర్సు తీసుకున్నాడు. కౌన్సెలర్ బాగుంటుందన్నారట. బాగానే ఉంది, కానీ వాడు వెళ్లాలనుకున్న క్యాంపస్‌లో మేజర్‌కు అది లెక్కలోకి రాలేదు. కావలసింది సర్వే కోర్సు. ఒక సెమిస్టర్ అటూ ఇటూ అయింది. అసిస్ట్ అని రాష్ట్రమంతటికీ కలిపి వెబ్‌సైట్ ఒకటుంది. ఈ కాలేజీలోని ఫలానా కోర్సు ఆ యూనివర్సిటీలో దేనికి సమానమో అందులో చూడొచ్చు. అమ్మాయితో పాటు కూర్చుని, ఆమెకు నచ్చిన మూడు క్యాంపస్‌లకు ఆర్ట్ హిస్టరీ పేజీ తీయండి. కౌన్సెలర్ చెప్పినదాన్ని దానితో పోల్చుకోండి. వాళ్ల చేతికింద బోలెడుమంది పిల్లలుంటారు, పొరపాటు రాకుండా ఉండదు.

జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులకు క్యాల్‌గెట్‌సీ అనే ఒకే వరస ఉంది, 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరేవాళ్లకు అదే. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీల (సీఎస్‌యూ) వైపు చూస్తుంటే ఆర్ట్ హిస్టరీలో ట్రాన్స్‌ఫర్ డిగ్రీ ఇచ్చే కాలేజీ వెతకండి. అది ఉంటే సీఎస్‌యూ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం, కోరిన క్యాంపస్‌లోనే అని మాత్రం కాదు. యూసీకైతే ట్యాగ్ అనే ఒప్పందం ఉంది. అనుకున్న కోర్సులు అనుకున్న మార్కులతో పూర్తిచేస్తే సీటు ఇస్తామని ముందే రాసిచ్చేది. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరే ఇస్తాయి, వాటిలోనూ ఒక్కదానికే పెట్టుకోవాలి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో ఇవ్వవు. వాటికి మామూలుగా దరఖాస్తు చేసుకోవడమే. ట్యాగ్ గడువు సెప్టెంబర్ 30.

ఇంకో మాట, విదేశీ భాష. ఈ రంగంలో పైకి చదవాలంటే ఫ్రెంచో, జర్మనో, చదివే కళను బట్టి మరొకటో కావాలి. భాష ఒక్క సెమిస్టర్‌లో అయ్యేది కాదు కనుక మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టమనండి.

ఉద్యోగాల దగ్గర నేను తీపి మాటలు చెప్పను. 2014లో ఒబామా ఒక సభలో, చేతిపని నేర్చినవాళ్లు ఆర్ట్ హిస్టరీ డిగ్రీవాళ్లకంటే ఎక్కువ సంపాదించవచ్చని చమత్కరించి, తరవాత ఆ సబ్జెక్టు చెప్పే ప్రొఫెసర్‌కు స్వయంగా చేత్తో క్షమాపణ ఉత్తరం రాశాడు. చమత్కారం తప్పుకావచ్చు, అందులోని లెక్క పూర్తిగా తప్పు కాదు. మ్యూజియం కొలువులు తక్కువ, మొదటి జీతాలు బే ఏరియా అద్దెల ముందు వెలవెలబోతాయి, పెద్ద మ్యూజియంలో క్యురేటర్ కావాలంటే దాదాపు పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. మావాడు ఇప్పుడు కళాఖండాలకు ఇన్సూరెన్స్ చేసే కంపెనీలో ఉన్నాడు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే పెయింటింగ్ పెట్టెలో ఎలా కూర్చోవాలో, దెబ్బ తగిలితే విలువ ఎంత తగ్గుతుందో రాస్తాడు. వాడి బావ సాఫ్ట్‌వేర్‌లో తెచ్చుకునేదాంట్లో సగం కూడా రాదు. ఇద్దరు రూమ్మేట్లతో ఉంటాడు. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని పదేళ్ల కిందట నాకు తెలియదు, వాడికీ తెలియదు.

తలుపులు తీసి ఉంచే పని మాత్రం ఆ రెండేళ్లలోనే చవగ్గా చేసుకోవచ్చు. పాడైన శిల్పాలను, చిత్రాలను బాగుచేసే కన్జర్వేషన్ చదువుకు కెమిస్ట్రీ కావాలి, అందులో ఆర్గానిక్ కూడా. లా స్కూలు ఏ మేజర్ అయినా తీసుకుంటుంది, అక్కడ కావలసింది చదవడం, రాయడం. స్టాటిస్టిక్సో అకౌంటింగో ఒకటి అదే 46 డాలర్ల యూనిట్‌లో పక్కన పెట్టుకోవచ్చు. "దీనికి ఒప్పుకుంటేనే దానికి ఒప్పుకుంటా" అని బేరం మాత్రం పెట్టకండి. మేం పెట్టాం. వాడు అకౌంటింగ్‌లో చేరాడు, మా మీద కోపంతో మూడో వారంలో వదిలేశాడు.

వీసా మీద ఉన్న ఇళ్లకు మాత్రం వేరే లెక్క, దాన్ని దాచను. గ్రీన్‌కార్డ్ రాకుండా హెచ్-4 మీద ఉన్న పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ ఆధారం పోతుంది, చాలామంది విద్యార్థి వీసా ఎఫ్-1కు మారతారు. డిగ్రీ తరవాత ఓపీటీ కింద ఉద్యోగం చేసే అనుమతి 12 నెలలు. స్టెమ్ చదువులకు దాని మీద ఇంకో 24 నెలలు ఇస్తారు, ఆర్ట్ హిస్టరీకి ఇవ్వరు. ఇది పిల్లను బెదిరించడానికి వాడుకునే మాట కాదు, పదహారో పదిహేడో ఏట కూర్చోబెట్టి చెప్పవలసిన మాట. ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి కలవండి. అమ్మాయిని కూడా తీసుకెళ్లండి, ఆమె బతుకే కదా.

మనవాళ్లు ఈ రంగంలో ఏం చేస్తారని కూడా ఆవిడ అడిగింది. మనకు అమరావతి అంటే రాజధాని, ప్లాట్లు. ఆర్ట్ హిస్టరీ క్లాసులో అమరావతి అంటే పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన బౌద్ధ శిల్పాలు. వాటిలో ఎన్నో ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, మరెన్నో చెన్నైలో. 2016లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ ఇండియాకు తిరిగిచ్చిన వాటిలో బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల ఫలకం ఒకటుంది, మూడో శతాబ్దపుది. అది ప్రకాశం జిల్లా చందవరానిది. ఒక రాయి ఏ ఊరిది, ఎప్పుడు మాయమైంది, ఎన్ని చేతులు మారింది అని కూపీ లాగడం కూడా ఈ చదువులో భాగమే. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి భారత బౌద్ధ కళ మీద పెట్టిన పెద్ద ప్రదర్శనకు సూర్యాపేట జిల్లా ఫణిగిరి నుంచి కూడా శిల్పాలు వెళ్లాయి. వాటి గురించి రాసేవాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆదివారం తెలుగు బడికి విసుక్కుంటూ వెళ్లిన పిల్లకు ఆ అక్షరాలు ఇలా పనికొస్తాయని ఎవరనుకున్నారు!

'సరదా' మాట తరవాత చెప్తానన్నాను. మావాడు అది మరిచిపోలేదు. యూనివర్సిటీలో సీటు వచ్చిన రోజు వాళ్ల నాన్నకు ఫోన్ చేసి మొదట అన్న మాట, "నాన్నా, నా సరదాకు సీటొచ్చింది." మావారు నవ్వారుగానీ ఆ రాత్రి నిద్రపోలేదు. అలాంటిదే మనం ఆడే ఇంకో మాట "నీ ఇష్టం." పేరుకు స్వేచ్ఛ ఇచ్చినట్టుంటుంది. తెలుగింట్లో పెరిగిన ఏ పిల్లకైనా దాని అర్థం తెలుసు, ఇక నీకూ నాకూ మాటల్లేవని. ఆ మాట అనకండి. భయమేస్తోందని చెప్పండి, అది నిజం కనుక. ఏం చదువుతున్నావో చూపించమనండి, చూపిస్తే గంటసేపు నిలబడి చూడండి.

ఇవన్నీ చెప్పేసరికి పదకొండు దాటింది. అవతల చాలాసేపు చప్పుడు లేదు. పెట్టేసిందేమో అనుకున్నాను. తరవాత కాగితం రెపరెప వినిపించింది. "అక్కా, సెప్టెంబర్ 30 అన్నావు కదా," అంది. "ఏ సంవత్సరం సెప్టెంబర్?"

చేరిన ఏడాది కాదు, రెండో ఏడాది మొదట్లో వచ్చే సెప్టెంబర్. ఈ ఆగస్టులో చేరితే వచ్చే ఏడాది.